పాలు 'మెనీ'నా? 'మచ్'చా?

ఈ వారం నేను మీకు చెప్పబోయేది కొత్త రకం ఊరగాయ కాదు, చీర మీద మరక పోగొట్టే చిట్కా కూడా కాదు. నాలుగు ఇంగ్లీషు మాటల సంగతి. 'ఇంగ్లీషా, మనకెందుకమ్మా' అని పేజీ తిప్పేయకండి. నేనూ మీలాంటి దాన్నే. తెలుగు మీడియంలో ఇంటర్ వరకు చదివి, పెళ్ళయి నిమ్మనపల్లెకు వచ్చి, సంగటి కెలకడంలో, టమోటా తోటకు కూలీలను పిలవడంలో ఇరవై ఏళ్ళు గడిపినదాన్ని. ఈ నాలుగు మాటలు నన్ను నలుగురిలో తల దించుకునేలా చేసినాయి. అందుకే రాస్తున్నాను.

మా చిన్నోడు మదనపల్లెలో ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పోయిన ఏడాది పేరెంట్స్ మీటింగుకు నేనే పోయినాను. వాడు కాస్త సన్నగా ఉంటాడు. "ఇంట్లో సరిగా తింటాడా?" అని టీచరమ్మ ఇంగ్లీషులో అడిగింది. ఆమె అడిగింది నాకు అర్థమయింది. తెలుగులో చెప్పి ఉంటే సరిపోయేది. కానీ పక్కన కూర్చున్న తల్లులంతా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, పిల్లోడి ముందర నేనెందుకు తగ్గాలని అనిపించింది. "హి డ్రింక్స్ మెనీ మిల్క్ మేడమ్. హి ఈట్స్ మెనీ రైస్" అనేసినాను.

టీచరమ్మ ఏమీ అనలేదు. వెనక కుర్చీల్లో ఇద్దరు మాత్రం కిసుక్కుమన్నారు. నాకెందుకో అప్పటికి తెలియలేదు. బస్సులో వస్తూ చిన్నోడు కిటికీలోంచి బయటికే చూస్తూ, "మా, ఇంకోసారి నాన్నను పంపు" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే ఆయన నవ్వి, "నన్ను పంపితే ఆ మెనీ కూడా రాదు కదే" అన్నాడు!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు ఎక్కడ జరిగింది? 'మెనీ' అంటే చానా అనే కదా మనం చదువుకున్నది? 'చానా పాలు' అంటే 'మెనీ మిల్క్' కాక మరేమిటి?

'చానా' అనే పెద్ద గంప

అసలు చిక్కంతా మన 'చానా' తోనే. మా చిత్తూరు పక్క 'చానా' అంటాం, కోస్తావాళ్ళు 'చాలా', 'బోలెడు' అంటారు, తెలంగాణా వాళ్ళు 'మస్తు' అంటారు. ఏదన్నా కానీండి, అది పెద్ద గంప లాంటిది. అందులో ఏమేసినా పడుతుంది. చానా టమోటాలు, చానా పాలు, చానా మంది, చానా పని, చానా మంచిది. అన్నిటికీ ఒకటే మాట.

ఇంగ్లీషులో అట్లా కాదు. అక్కడ గంపలు వేరే వేరే. లెక్కపెట్టే వాటికి ఒక గంప, కొలిచే వాటికి ఇంకో గంప. 'మెనీ' లెక్కపెట్టే వాటిది, 'మచ్' కొలిచే వాటిది. నేను పాలను తీసుకుపోయి లెక్కపెట్టే గంపలో పోసినాను. గంపలో పాలు పోస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

మనకు తెలిసిందే!

మా తోడికోడలి కూతురు మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు సిగ్గు విడిచి దాన్నే అడిగినాను. "చిన్నమ్మా, 'చానా' అనే మాటను పక్కన పెట్టు. తెలుగులోనే ఒక ప్రశ్న వేసుకో. 'ఎన్ని?' అని అడగాల్నా, 'ఎంత?' అని అడగాల్నా? 'ఎన్ని' అయితే మెనీ, 'ఎంత' అయితే మచ్" అన్నది.

చూడండి, ఎంత సులువో! గుడ్లు ఎన్ని? హౌ మెనీ ఎగ్స్. వంకాయలు ఎన్ని? హౌ మెనీ బ్రింజాల్స్. ఉప్పు ఎంత? హౌ మచ్ సాల్ట్. నూనె ఎంత? హౌ మచ్ ఆయిల్. నెయ్యి, పిండి, చక్కెర అన్నీ 'ఎంత' కిందికే వస్తాయి. కాబట్టి అన్నీ 'మచ్' గంపలోకే. ఇంగ్లీషువాళ్ళు గొప్పగా వ్యాకరణం పుస్తకాల్లో రాసుకున్న సంగతి, మనం వంటింట్లో పొద్దున లేచింది మొదలు వాడుతున్నదే. ఎన్ని, ఎంత. కొన్ని, కొంత. ఇన్ని, ఇంత. ఈ జతలు మన నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి.

నాకు భలే సంతోషమయింది. కానీ రాత్రి ఎసట్లో నీళ్ళు పోస్తూ ఉంటే ఒక అనుమానం వచ్చింది. కోడలు పిల్లకు వంట నేర్పేటప్పుడు మనం ఏమంటాం? "నీళ్ళు ఎన్ని పోసినావు?" అంటాం. "పాలు ఎన్ని పోయమంటావక్కా?" అని పాలామె అడుగుతుంది. "బియ్యం ఎన్ని వేయాల?" అంటాం. "నీ దగ్గర డబ్బులు ఎన్ని ఉన్నాయి?" అంటాం. అన్నిటికీ 'ఎన్ని'నే! మరి ఆ అమ్మాయి చెప్పిన ప్రకారం పాలు 'మెనీ' కావాలి కదా? అదే మాట పొద్దున్నే దాన్ని అడిగితే, అది కూడా కాసేపు బిత్తరపోయింది.

మనం బోల్తా పడేది ఇక్కడే

ఇద్దరమూ కూర్చుని తేల్చుకున్న సంగతి ఇది. బళ్ళో తెలుగు అయ్యవారు 'నిత్య బహువచనాలు' అని చెప్పింది మీకు గుర్తుందా? పాలు, నీళ్ళు, వడ్లు, పెసలు, కందులు. ఇవి మన భాషలో ఎప్పుడూ బహువచనాలే. ఒక్క చుక్కైనా 'పాలు ఉన్నాయి' అంటాం గానీ 'పాలు ఉంది' అనం. బియ్యం చూడ్డానికి ఏకవచనం లాగే కనిపించినా, 'బియ్యం ఉడికినాయి' అంటాం. అందుకే వీటికి 'ఎన్ని' వస్తుంది.

ఇంగ్లీషులో పాలు, నీళ్ళు, బియ్యం, డబ్బు ఏకవచనం కింద లెక్క. అవి కొలిచేవే గానీ లెక్కపెట్టేవి కావు. మిల్క్ ఈజ్, వాటర్ ఈజ్, రైస్ ఈజ్, మనీ ఈజ్. కాబట్టి నాలుగూ 'మచ్' గంపలోకే. హౌ మచ్ మిల్క్, హౌ మచ్ వాటర్, హౌ మచ్ రైస్, హౌ మచ్ మనీ. 'రూపాయలు ఎన్ని' అంటే మాత్రం హౌ మెనీ రుపీస్. ఎందుకంటే రూపాయలను లెక్కపెట్టవచ్చు.

అంటే నేను తప్పు మాట్లాడింది తెలివితక్కువతో కాదు. తెలుగు సరిగ్గా వచ్చినదాన్ని కాబట్టి! 'ఎన్ని పాలు' అనుకునే 'మెనీ మిల్క్' అన్నాను. ఈ సంగతి తెలిసినాక నా మనసులో భారం సగం దిగిపోయింది. మీరూ ఎప్పుడన్నా ఇట్లా అని ఉంటే సిగ్గుపడకండి. పాలు, నీళ్ళు, బియ్యం, డబ్బు. ఈ నాలుగింటినీ కొంగుకు ముడి వేసుకోండి, చాలు.

ఇంకో తమాషా చూడండి. బియ్యం, గోధుమలను ఇంగ్లీషువాళ్ళు లెక్కపెట్టరు. బఠానీలు, బీన్సు గింజలను మాత్రం లెక్కపెడతారు. మెనీ పీస్, మెనీ బీన్స్ అంటారు. ఇదేం న్యాయం అని అడిగితే లాభం లేదు. మనం ఉప్పును 'ఉంది' అని, పాలను 'ఉన్నాయి' అని ఎందుకు అంటామో మనం మాత్రం చెప్పగలమా? ఏ ఇంటి అలవాటు ఆ ఇంటిది.

గ్లాసు పెడితే లెక్కకు వస్తుంది

కొలిచే వస్తువుకు ఒక పాత్ర గానీ తూకం గానీ తగిలిస్తే, అప్పుడు అది లెక్కలోకి వస్తుంది. పాలను లెక్కపెట్టలేం, పాల గ్లాసులను లెక్కపెట్టగలం. హౌ మెనీ గ్లాసెస్ ఆఫ్ మిల్క్ అనవచ్చు. హౌ మెనీ కిలోస్ ఆఫ్ రైస్, హౌ మెనీ స్పూన్స్ ఆఫ్ షుగర్, హౌ మెనీ బిందెలు వాటర్ అన్నా అర్థమవుతుంది లెండి! అనుమానం వచ్చినప్పుడు గ్లాసో, కిలోనో, ప్యాకెట్టో తెచ్చి ముందర పెట్టండి. ధైర్యంగా 'మెనీ' అనండి.

ధర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అంగడికి పోయి 'టమోటా ఎంత?' అంటే మనం ధర అడిగినట్టు. ఇంగ్లీషులోనూ అంతే. హౌ మచ్ ఆర్ ద టమోటాస్ అంటే ధర. హౌ మెనీ టమోటాస్ అంటే ఎన్ని కాయలు అని. టమోటాల దగ్గర 'మచ్' అంటే బేరం, 'మెనీ' అంటే లెక్క. బెంగుళూరులో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో పోయి కూరగాయలు తెచ్చే అమ్మలకు ఇది బాగా పనికొస్తుంది.

రెండిటికీ సరిపోయే మాట

'ఇంత తిప్పలెందుకు, అన్నిటికీ చెల్లే మాట ఒకటి చెప్పు' అంటారా? ఉంది. 'ఎ లాట్ ఆఫ్'. ఇది మన 'చానా'కు సొంత అక్క. ఎ లాట్ ఆఫ్ టమోటాస్, ఎ లాట్ ఆఫ్ మిల్క్. రెండూ సరైనవే. 'లాట్స్ ఆఫ్' అన్నా అదే అర్థం, కాస్త ఇంట్లో మాట్లాడుకునే తీరు. మనవాళ్ళు చానా మంది ముందున్న 'ఎ'ను మింగేసి ఉత్త 'లాట్ ఆఫ్' అంటారు. అది తప్పు. 'ఎ లాట్ ఆఫ్' అనాలి, లేదా 'లాట్స్ ఆఫ్' అనాలి.

'ప్లెంటీ ఆఫ్' కూడా రెండిటికీ వస్తుంది. కానీ దాని రుచి వేరు. కొరత లేదు, కావలసినదాని కంటే ఎక్కువే ఉంది అని చెప్పడానికి ఆ మాట. ఇంటికి వచ్చినవాళ్ళు 'మాకు సరిపోతుందో లేదో' అని మొహమాటపడితే, 'దేర్ ఈజ్ ప్లెంటీ ఆఫ్ రైస్' అనండి. 'కావలసినంత ఉంది, వడ్డించుకోండి' అన్నట్టు. దీని ముందర మాత్రం 'ఎ' రాదు.

ఇంకొక సంగతి. 'మచ్'ను ప్రశ్నలోనూ, 'లేదు' అని చెప్పేటప్పుడూ ఎక్కువగా వాడతారు. హౌ మచ్ మిల్క్? వి డోంట్ హావ్ మచ్ మిల్క్. ఉన్నదాన్ని ఉన్నదని చెప్పేటప్పుడు 'వి హావ్ మచ్ మిల్క్' అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ 'ఎ లాట్ ఆఫ్ మిల్క్' అనడమే అందం. కాబట్టి నేను ఆ రోజు 'మెనీ' తీసి 'మచ్' పెట్టి ఉన్నా పూర్తిగా గట్టెక్కేదాన్ని కాదన్నమాట!

పిల్లల పుస్తకాల్లో, దరఖాస్తుల్లో కనిపించే పెద్ద మాటలు కూడా ఈ గంపల లెక్కలోవే. 'ఎ లార్జ్ నంబర్ ఆఫ్' అంటే లెక్కపెట్టేవి. 'ఎ లార్జ్ అమౌంట్ ఆఫ్', 'ఎ గ్రేట్ డీల్ ఆఫ్' అంటే కొలిచేవి. నంబర్ అంటే అంకె కదా, అది గుర్తుంచుకుంటే ఎన్నటికీ తప్పిపోరు.

'టూ' వస్తే కష్టం వచ్చినట్టే

ఇప్పుడు మా ఊరి మాట ఒకటి చెప్పాలి. మాది టమోటా సీమ. నిమ్మనపల్లె చుట్టుపక్కల ఏ ఇంటిని అడిగినా టమోటా కథ ఒకటి ఉంటుంది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా నూరు రూపాయలు దాటి రెండు వందల దాపుకు పోయింది. ఆ రోజుల్లో తోటలో పది బాక్సులున్నవాడు మారాజే. అదే మార్కెట్లో ధర పడిపోయి, కోత కూలి, బాడుగ కూడా రాక, కాయలను రోడ్డు పక్కన పారబోసిన కాలాలూ మేం చూసినాం. మా ఆయన కూడా ఒకసారి తోటను కోయకుండానే గొర్రెలకు వదిలేసినాడు. ఆ రోజు ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

రెండు సార్లూ మేం అన్న మాట ఒకటే, 'కాయలు చానా ఉండాయి' అని. ఒకసారి నవ్వుతూ అన్నాం, ఒకసారి ఏడుస్తూ అన్నాం. ఇంగ్లీషులో ఆ రెండిటికీ వేరే మాటలున్నాయి. సంతోషానికి 'ఎ లాట్ ఆఫ్ టమోటాస్'. కష్టానికి 'టూ మెనీ టమోటాస్'. 'టూ' అంటే ఉత్త 'చానా' కాదు, ఉండాల్సినదాని కంటే మించిపోయింది, దాని వల్ల ఇబ్బంది అని అర్థం. టూ మచ్ సాల్ట్ అంటే పులుసు నోట్లో పెట్టుకోలేం. టూ మచ్ రెయిన్ అంటే వాన తోటను ముంచేసింది.

అందుకే జాగ్రత్త. పక్కింటావిడ మీకోసం గిన్నె నిండా పాయసం పంపితే 'టూ మచ్ పాయసం' అనకండి. ఎందుకు ఇంత తెచ్చిందని విసుక్కున్నట్టు అవుతుంది. 'ఎ లాట్ ఆఫ్ పాయసం, థాంక్యూ వెరీ మచ్' అనండి.

ఇంకొన్ని గుంతలు

'నాకు చానా పనులున్నాయి' అంటూ 'మెనీ వర్క్స్' అంటాం. ఇంగ్లీషులో ఇంటిపని, ఆఫీసు పని ఎన్ని ఉన్నా 'వర్క్' ఒకటే. ఎ లాట్ ఆఫ్ వర్క్ అనాలి. హోంవర్క్ కూడా అంతే, హోంవర్క్స్ లేదు. సలహాలు ఎన్ని ఇచ్చినా అడ్వైస్ ఒకటే. ప్రయాణంలో సామాన్లు పది మూటలున్నా లగేజీ ఒకటే. ఇంట్లో కుర్చీలు, మంచాలు ఎన్ని ఉన్నా ఫర్నిచర్ ఒకటే. ఆఖరికి మన నగలు కూడా జ్యువెలరీ అంటే ఒకటే లెక్క. గాజులు, కమ్మలు అని విడివిడిగా చెబితే మాత్రం మెనీ.

మనుషుల దగ్గర మన 'ఎంత' మోసం చేస్తుంది. 'ఎంతమంది వచ్చారు?' అంటాం. 'ఎంత' ఉంది కదా అని 'మచ్' పెడితే పప్పులో కాలేసినట్టే. మనుషులను ఎప్పుడూ లెక్కపెట్టాలి. హౌ మెనీ పీపుల్. 'టైమ్' కూడా చిత్రమైనది. ఎంతసేపు పడుతుంది అంటే హౌ మచ్ టైమ్. ఎన్నిసార్లు చెప్పాలిరా అని పిల్లోడిని కసిరితే హౌ మెనీ టైమ్స్.

ఫోన్లో వంటల వీడియోల కింద 'వన్ మిలియన్' అని కనిపిస్తుంది చూడండి, అది పది లక్షలు. నూరు కోట్లయితే ఒక బిలియన్. మనం 10,00,000 అని కామాలు పెట్టే చోట వాళ్ళు 1,000,000 అని పెడతారు. అంకె అదే, కామా జరిగింది.

మాటకు మాట పెడితే కుదరదు

మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది. 1919లో రవీంద్రనాథ్ టాగూరు అక్కడికి వచ్చి, తన జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. దానికి 'మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టినాడు. మార్కెట్టుకు పోయేటప్పుడు ఆ పక్కగా పోతే నాకు ఒకటి అనిపిస్తుంది. తన భాషను గుండెల నిండా పెట్టుకున్నాయన కూడా మాటకు మాట పెట్టి ఉండడు, భావాన్ని తీసుకుపోయి ఆ భాష పద్ధతిలో కూర్చి ఉంటాడు. మనం చేయాల్సిందీ అదే. పాల గిన్నె మనదే, పోసే గ్లాసు వాళ్ళది.

ఇక మీకో చిన్న పరీక్ష. పెన్సిలు తీసుకోండి. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడకండి!

1. ఇంట్లో నూనె ఎంత ఉంది? హౌ ____ ఆయిల్?
2. ఇడ్లీలు ఎన్ని కావాలి? హౌ ____ ఇడ్లీస్?
3. పప్పులోకి నీళ్ళు ఎన్ని పోయాలి? హౌ ____ వాటర్?
4. పెళ్ళికి ఎంతమంది వచ్చారు? హౌ ____ పీపుల్?
5. సాంబారులో ఉప్పు ఎక్కువైంది. టూ ____ సాల్ట్.
6. ఈ రోజు నాకు చానా పని ఉంది. ఐ హావ్ ____ వర్క్.

జవాబులు: 1. మచ్ 2. మెనీ 3. మచ్ 4. మెనీ 5. మచ్ 6. ఎ లాట్ ఆఫ్. మూడోదీ నాలుగోదీ సరిగ్గా చేసి ఉంటే మీరు నా కంటే గట్టివాళ్ళు. నేను మొదటిసారి ఆ రెండూ తప్పు చేసినాను.

ఈ ఏడాది మళ్ళీ మీటింగు వచ్చింది. "నాన్న పోతాడులే" అన్నాను. చిన్నోడు ఏమీ అనలేదు. ఆయనకు తోటలో కోత పడింది, నేనే పోవాల్సి వచ్చింది. వేరే టీచరమ్మ, అదే ప్రశ్న. ఈసారి గుక్క తిప్పుకుని, "హి డ్రింక్స్ ఎ లాట్ ఆఫ్ మిల్క్ మేడమ్. బట్ హి డజ్ నాట్ ఈట్ మెనీ వెజిటబుల్స్" అన్నాను. ఆమె నవ్వి, "వెజిటబుల్స్ తినాలి నాయనా" అని వాడికి చెప్పింది. వాడు తల వంచుకున్నాడు, కూరగాయలు తినని దొంగతనం బయటపడినందుకు!

బస్సులో మళ్ళీ కిటికీ పక్కనే కూర్చున్నాడు. సగం దారిలో నా వైపు తిరిగి, "మా, 'మెనీ హోంవర్క్స్' అని రాస్తే మార్కు కట్ చేసినారు. ఏం రాయాల్సింది?" అని అడిగినాడు.

చెప్పినాను. మీకూ ఇప్పుడు తెలుసు కదా, మీ పిల్లలు అడిగితే మీరూ చెప్పండి.